బీరమ్మ గొర్రెలు

అంజయ్య దున్నిన సాలు వంకర పోయిందంటే ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. బొంతపల్లి దాటి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో, మందుల ఫ్యాక్టరీల ప్రహరీలకూ ప్లాట్లు చేసిన వెంచర్లకూ మధ్య మిగిలిన చెల్కల్లో, తాడు పట్టి గీసినట్టు దున్నేవాడు అతనొక్కడే. యాభై రెండేళ్ళ మనిషి. తన మూడెకరాలు తను చేసుకుంటూ, ట్రాక్టరుతో పక్కవాళ్ళ చెల్కలు కిరాయికి దున్నేవాడు. ఆ జూన్ చివర్లో ఒకరోజు పొద్దున, ఒక రైతు చెల్కలో ట్రాక్టరు మధ్యలో ఆపి, వెనక్కి తిరిగి చూసుకుని అలాగే కూర్చుండిపోయాడు. డ్యూటీకి పోతూ పోతూ సద్ది డబ్బా ఇద్దామని భార్య దేవమ్మ గట్టెక్కేసరికి, తడి మట్టి మీద సాళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి.

“ఏమైందయ్యా? పొద్దుగాల్నే ఏస్కున్నవా ఏంది?”

“ఏస్కోలే,” అన్నాడు అంజయ్య చేతుల వంక చూసుకుంటూ. “స్టీరింగు నేను చెప్పింది ఇంటలేదు దేవీ.”

నెల తిరిగేసరికి చెప్పింది విననివి పెరిగాయి. చెప్పులు కాళ్ళ నుంచి జారిపోయేవి. గిన్నె కింద పడి చప్పుడైతే ఒళ్ళంతా ఎగిరిపడేది, ఎవరో వెనకనుంచి కొట్టినట్టు. ముప్పై ఏళ్ళుగా నడిచిన బాటలో నిలబడి “మన ఇల్లు ఎటుంటది?” అని అడిగేవాడు. సంగారెడ్డిలో ఒక డాక్టరు నరాల బలహీనత అని గోలీలు రాశాడు. గోలీలు అయిపోయాయి గానీ అంజయ్య గోడ పట్టుకుని నడిచే దాకా వచ్చాడు.

ఊరికి మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆగే పని లేకపోయింది. సాలు వంకర పోవడానికి పది రోజుల ముందు జరిగిన గొడవ అందరూ చూసిందే. మొలకెత్తిన అంజయ్య మక్కచేన్లో బీరమ్మ గొర్రెలు పడ్డాయి. బీరమ్మ అరవై దాటిన ఒంటరి మనిషి. నలభై గొర్రెల మంద తప్ప వెనకా ముందూ ఎవరూ లేరు. మేపడానికి ఊళ్ళో జాగా ఎక్కడా మిగలక, ప్రహరీల పక్కనా రోడ్డు వారనా తోలుకుంటూ తిరిగేది. అంజయ్య కట్టె విసిరితే ఒక గొర్రె కుంటింది. బీరమ్మ గట్టు మీద నిలబడి దుమ్మెత్తి పోసింది.

“నా గొర్రెను కొట్టిన ఆ చెయ్యి పడిపోను! ఆ కాలు కూలిపోను!”

ఇప్పుడు చెయ్యీ పడింది, కాలూ కూలింది. ఇంకేం కావాలి? బీరమ్మ బాణామతి చేసిందన్నారు. అందరికంటే ముందు అన్నవాడు అంజయ్య తమ్ముడు చంద్రకాంత్. కిష్టారెడ్డిపేటలో ఫ్లాట్లు అమ్మిపెట్టే పని చేస్తాడు, చేతిలో రెండు ఫోన్లు ఉంటాయి. చిన్నప్పుడు తండ్రి పోతే అన్నే సాకాడు. అన్న గోడ పట్టుకుని నడవడం చూసి ఇంటి వెనక్కి పోయి ఏడ్చినవాడు, ఆ తర్వాత ఏడవడం మానేసి కోపం పట్టుకున్నాడు.

“వదినె, గోలీలతోని అయ్యేది గాదిది. పోదాం పా,” అని ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. దేవమ్మ పోయింది. ఎవరో బలవంతం చేస్తే పోయానని ఆమె తర్వాత ఎన్నడూ చెప్పుకోలేదు. తన కాళ్ళతోనే పోయింది, నిమ్మకాయలు తనే కొన్నది, మంత్రగాడు “ఒక ఆడమనిషి, జీవాలున్న మనిషి” అంటే తలూపింది కూడా. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, నుదుట పసుపూ కుంకుమా కారుతుండగా, అంజయ్య చాలా రోజుల తర్వాత తేటగా మాట్లాడాడు.

“ఎవరి సంగతే మీరు మాట్లాడేది? బీరమ్మ సంగతా?”

“ఔ అన్నా. ఆ ముసల్దే గదా తిట్టింది,” అన్నాడు చంద్రకాంత్.

“ఆమె నన్ను తిట్టింది. నేను ఆమె గొర్రెను కొట్టిన. లెక్క సాఫ్.” అంజయ్య తల అటూ ఇటూ ఊగుతోంది, మాట మాత్రం నిలకడగా ఉంది. “నోరు చెడ్డది గని మనిషి మంచిదిరా. మీరు ఆమె జోలికి పోవద్దు.”

మర్నాడు దేవమ్మ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, కూతురు హర్షిణిని తోడు తీసుకుని, భర్తను హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. తలకు స్కానింగు తీశారు, నెత్తికి వైర్లు అంటించి మెదడు కొట్టుకునే తీరు కాగితాల మీద గీయించారు, వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. ఆ నీళ్ళు తీసిన సూదిని వేరే డబ్బాలో వేసి, దాని మీద ఏదో రాసి, కాల్చేయడానికి పంపడం, వెనకే వచ్చిన చంద్రకాంత్ చూశాడు. పదో రోజు నరాల డాక్టరు ముగ్గుర్నీ కూర్చోబెట్టి రోగం పేరు చెప్పింది. క్రాయిట్స్‌ఫెల్ట్ జేకబ్. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుందట. మందు లేదు. చనిపోయాక మెదడు పరీక్షిస్తేనే నూటికి నూరు పాళ్ళు అని చెప్పగలం గానీ, అన్ని పరీక్షలూ ఇదే చెబుతున్నాయంది. ఎన్ని రోజులని హర్షిణి అడిగింది. నెలలే, సంవత్సరాలు కావు అంది డాక్టరు. దేవమ్మ పలకడానికి నోరు తిరగని ఆ పేరును చీటీ మీద తెలుగులో రాయించుకుని జాకెట్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక వారానికొకసారి సంగారెడ్డి నుంచి వ్యానులో ఒక నర్సు వచ్చేది. నయం కాని రోగులను ఇళ్ళకు వచ్చి చూసుకునే సర్కారు వ్యాను అది. నర్సు పేరు దుర్గాదేవి. ఆమె నాన్న ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనిచేశాడు. ఆమె పుట్టింది పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో విన్న మాటే నోట్లో నిలిచింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె గడప దాటి నేరుగా మంచం దగ్గరికి వచ్చి, అంజయ్య చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని “అంజయ్యగారూ, నేను దుర్గనండి,” అంది. వాకిట్లో నిలబడి చూస్తున్న పక్కింటివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పక్కింటి పుష్పమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“సిస్టరమ్మా, ఇది అంటుకునే రోగమా? నాకు సాఫ్ సీదా చెప్పు,” అంది దేవమ్మ.

దుర్గాదేవి ఆలోచించి చెప్పింది. “మన మెదడులో ఒక ప్రోటీను ఉంటుందమ్మా. పప్పులో, గుడ్డులో ఉంటుందంటారు చూడండి, ఆ జాతిదే. పొడుగ్గా ఉండి ఒక పద్ధతిగా మడత పడుతుంది. ఎప్పుడో, ఎందుకో, ఒకటి తప్పుగా మడత పడుతుంది. అది పురుగూ కాదు, వైరసూ కాదు, దానికి ప్రాణం లేదు. కానీ పక్కనున్న మంచిదాన్ని తాకితే దాన్నీ తనలాగే తప్పుగా మడత పెడుతుంది. అది ఇంకోదాన్ని. అలా మెదడంతా పాకుతుంది.”

దేవమ్మ పనిచేసేది మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో. పద్నాలుగేళ్ళుగా ఆమె డబ్బాల్లోకి మందు సీసాతో పాటు సన్న అక్షరాల కాగితం మడత పోయేలా మిషన్ దగ్గర నిలబడుతోంది.

“మా కాయిదాల లెక్కనా? ఒకటి అడ్డం మడత పడ్డదంటే ఎనకొచ్చేయన్నీ గట్లనే పడ్తయి.”

“అదేనమ్మా. కానీ మీరు స్విచ్చి నొక్కి మిషను ఆపగలరు. దీనికి స్విచ్చి ఎక్కడుందో ఇంకా ఎవరికీ దొరకలేదు.” దుర్గాదేవి అంజయ్య చేయి వదల్లేదు. “అంటుకుంటుందా అని అడిగారు. అంటుకునే జాతిదే, అబద్ధం చెప్పను. కానీ దాని దారి వేరు. ఈయన మెదడుకో వెన్నుకో తగిలిన కత్తో సూదో ఇంకొకరి మెదడుకు తగిలితే ప్రమాదం. అందుకే ఆసుపత్రిలో సూది కాల్చేస్తారు. పట్టుకుంటే రాదు. పక్కన పడుకుంటే రాదు. ఒక కంచంలో తింటే రాదు. దగ్గితే రాదు.”

“మరి ఈనెకెట్లొచ్చింది? ఫ్యాక్టరీ నీళ్ళతోనా?”

“ఆ నీళ్ళు మంచివని నేననను. కానీ దీనికి కారణం అవి కావు. ఊరికే వచ్చింది. ఈ జబ్బొచ్చిన పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి అలాగే వస్తుంది.”

హర్షిణి మాత్రం ఇంకో ప్రశ్న మింగలేక, వ్యాను దాకా వెంటపోయి అడిగింది. వంశంలో దిగేది కూడా ఒకటుందట కదా అని. ఆసుపత్రిలో తీసిన అంజయ్య రక్తం పరీక్షలో వంశంలో దిగే ఆ మార్పు లేదని ఇంకో పది రోజులకు తెలిసింది. ఆ పది రోజులూ హర్షిణి డిగ్రీ కాలేజీకి పోయి వస్తూనే ఉంది. గ్లాసు చేతిలోంచి జారినప్పుడల్లా తన వేళ్ళు తను చూసుకోవడం తల్లి చూసింది. ఫలితం వచ్చిన రోజు ఇద్దరూ ఒకే కంచంలో అన్నం కలుపుకుని, అంజయ్యకు ముద్దలు పెట్టి, మిగిలింది వాకిట్లోకి తెచ్చుకుని అందరూ చూస్తుండగా తిన్నారు.

దసరా వచ్చింది. ప్రతి దసరాకూ ఊళ్ళో సగం ఇళ్ళు బీరమ్మ దగ్గరే పొట్టేలు కొట్టించుకునేవి. అంజయ్యకు తలకాయ కూర ఇష్టమని ఆమె ఒక తలకాయ విడిగా తీసిపెట్టేది. ఈసారి ఊళ్ళోకి ఎక్కడిదో జీపు వచ్చింది, నిండా వేరే గొర్రెలతో. చంద్రకాంత్ తెప్పించాడు. బాణామతి మాట అతను వదిలేశాడు, ఎందుకంటే అతనికి అంతకంటే గట్టిది దొరికింది. రోగం పేరు ఫోన్లో కొట్టి వెతికితే గొర్రెల రోగమొకటి బయటపడింది. అదీ ఈ తప్పుడు మడత రోగమే. ఒక వీడియోలో గొర్రె వణుకుతూ, కంచెకు ఒళ్ళు రాసుకుంటూ, కూలబడిపోతుంది. ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్లోకీ పోయింది. సరిగ్గా అప్పుడే బీరమ్మ మందలో ఒక గొర్రె వీపు పుండై, వేపచెట్టుకు రాసుకుంటూ తిరుగుతోంది. ఇంకేముంది, మంత్రగాడు ‘జీవాలున్న మనిషి’ అన్నాడు, ఫోనూ అదే అంది.

పండగైన రెండో ఆదివారం, గ్రామ పంచాయతీ ముందరి రేకుల షెడ్డు కింద మనుషులు చేరారు. బీరమ్మ వారం లోపల మందను ఊరి పొలిమేర దాటించాలి, లేదంటే తామే లారీ ఎక్కిస్తామన్నది మాట. దేవమ్మకు ఈ సంగతి పుష్పమ్మ గోడ మీంచి చెప్పింది. అప్పుడు ఆదివారం షిఫ్టు దిగి ఇంటికొచ్చిన దేవమ్మ ఒంటి మీద ఫ్యాక్టరీ నీలం కోటు ఇంకా ఉంది. తండ్రి దగ్గర హర్షిణిని కూర్చోబెట్టి, ఆ కోటుతోనే బయల్దేరింది.

షెడ్డు కింద కుర్చీల్లో సర్పంచు సునీల్‌కుమార్, పెద్దమనుషులు ఉన్నారు. చంద్రకాంత్ నిలబడి ఫోను అందరికీ చూపిస్తున్నాడు. షెడ్డు బయట ఎండలో, చేతికర్రకు ఆనుకుని బీరమ్మ.

“దానికి గజ్జి తగిలిందయ్యా. పసుల డాక్టరు సూది గూడ ఏసిండు,” అంటోంది బీరమ్మ. “నా గొర్లను పంపి నేనేం జెయ్యాలె? గవ్విటి ఎనక నడుసుడు తప్ప నాకేమొచ్చు?”

“మా అన్న ప్రతి దసరాకు నీ ఇంటి తలకాయ కూరే తిన్నడు,” అన్నాడు చంద్రకాంత్. “ఇప్పుడు సూడు ఎట్లున్నడో!”

“ఎట్లున్నడో నువ్వు సూసి ఎన్నొద్దులాయె సెంద్రకాంతూ?” అంది దేవమ్మ వెనకనుంచి.

అందరూ తిరిగి చూశారు. ఆమె నడిచి వచ్చి బీరమ్మ పక్కన, ఎండలోనే నిలబడింది.

“వదినె, నువ్వు పరేషాన్ల ఉన్నవ్. నువ్వింటికి పో. మేం మాట్లాడ్తున్నం.”

“పోను. నా మొగని పేరు మీద పంచాయితి పెట్టిండ్రు, నేను లేకుంట ఎట్ల?” ఆమె సర్పంచు వైపు తిరిగింది. “సునీలన్నా, నేనొకటడుగుత. ఆయనకు ముద్ద పెట్టేది నేను. కడిగేది నేను. పక్కకు పండేది నేను. మిగిలిన బువ్వ తినేది నేను. అంటుకుంటే ముందుగాల ఎవరికంటుకోవాలె? నాకు! నన్ను ఊర్లకెల్లి ఎల్లగొడ్తరా? ఎల్లగొట్టుండ్రి, సూస్త.”

“నిన్నెవరన్నరమ్మా? గొర్రెల సంగతి గదా,” అన్నాడు ఒక పెద్దమనిషి.

“గొర్రెల సంగతే చెప్పొస్తున్న. గొర్రెలకు గసొంటి రోగం ఉన్న మాట నిజమే, సిస్టరమ్మను నేనడిగిన. అది దొరికి రెండొందల ఏండ్లు దాటిందట. గొర్రె నుంచి మనిషికి వచ్చినట్టు ఏడ గూడ తేలలేదట. ఆయన తిన్న తలకాయ కూర నేను గూడ తిన్న. నువ్వు తిన్నవ్ సెంద్రకాంతూ. ఈడ కూసున్న అందరు తిన్నరు.”

“అయితే ఊరికెనే వస్తదా గిసొంటి రోగం?” ఎవరో అరిచారు. “ఏదో ఒకటి లేంది!”

“ఊరికెనే వచ్చింది!” దేవమ్మ గొంతు రేకులకు తగిలింది. “నాకు గూడ కావాలె ఎవడో ఒకడు. మెడ పట్టి గుంజి అడగనీకె నాకు గూడ ఒకడు కావాలె. మీకన్న ముందు నేనే పోయిన మంత్రగాని కాడికి, ఈమె గురుతులు చెప్తె తలూపి వచ్చిన. సిగ్గయితున్నది చెప్పనీకె. అయినా చెప్తున్న. బోరుల రంగునీళ్ళు వచ్చినప్పుడు ఈ షెడ్డు కింద ఒక్కడు కూసున్నడా? రాత్రంతా వాసనకు పిల్లలు దగ్గితే ఒక్కడు గేటు కాడికి పోయిండా? వాళ్ళ గోడలు పెద్దయి. ఈమెకు గోడ లేదు. అందుకే గదా ఇయ్యాల ఇంతమంది జమైండ్రు?”

చంద్రకాంత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సర్పంచు గొంతు సవరించుకుని, పశువుల డాక్టరును పిలిపించి మందనంతా చూపిద్దాం, అప్పటిదాకా ఎవరూ ఏమీ చేయొద్దని లేచాడు. బుధవారం డాక్టరు వచ్చి ఒక్కో గొర్రెనూ పట్టుకుని చూసి, ఒకదానికి గజ్జి, మిగతావి మంచిగున్నాయని రాసిచ్చాడు. లారీ మాట ఆగిపోయింది. కానీ బీరమ్మ దగ్గర ఒక్కరూ పొట్టేలు కొనలేదు. కాగితం వేరు, కడుపులో పడ్డ భయం వేరు.

అంజయ్య మాట అప్పటికే పోయింది. నవంబరు నాటికి చూపు ఒక్కటే మిగిలింది. అది కూడా ఎక్కడ నిలుస్తుందో తెలిసేది కాదు. మింగలేక పోతుంటే తిండికి ముక్కులో గొట్టం వేశారు. దేవమ్మ రోజూ డ్యూటీ దిగి వచ్చి, ఎవరి చెల్క ఎవరు దున్నారో, ఎంత అధ్వానంగా దున్నారో అతనికి చెప్పేది. “నువ్వు సూస్తే బండబూతులు తిడ్తుంటివి,” అనేది. అతను విన్నాడో లేదో. ఆమె మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. ఇంట్లో మనిషి బతికుండగానే తగ్గు గొంతుతో మాట్లాడేవాళ్ళను ఆమె మంచం దగ్గరికి రానివ్వలేదు. “గట్టిగ మాట్లాడుండ్రి, లేకుంటె ఎల్లుండ్రి,” అనేది.

నెలాఖరున ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి, హర్షిణి పెదాలు తడుపుతుండగా అంజయ్య పోయాడు.

శవానికి స్నానం చేయించడానికి చేతులు ముందుకు రాలేదు. దేవమ్మ ఎవర్నీ పిలవలేదు. తనూ హర్షిణీ నీళ్ళు కాచుకుని మొదలుపెట్టారు. కబురు తెలిసి దుర్గాదేవి వచ్చి, చెప్పులు విడిచి, చెంబు అందుకుంది. చివరికి పుష్పమ్మ కూడా గోడ దాటి వచ్చింది. “ఏం గాదు గదా దేవమ్మా?” అని మూడుసార్లు అడిగింది, ఏం కాదని మూడుసార్లు చెప్పించుకుని కాళ్ళు రుద్దింది. కొరివి చంద్రకాంతే పెట్టాడు. చితి దగ్గర అతను నిలబడ్డ తీరు చూసి దేవమ్మకు మొదటిసారి అతని మీద జాలి కలిగింది.

ఎనిమిదో రోజున ఆమె బీరమ్మ దొడ్డికి పోయింది.

“అత్తా, దినాలకు రెండు పొట్టేండ్లు కావాలె. మంచియి చూసియ్యి.”

బీరమ్మ నమ్మలేనట్టు చూసింది. “నా కాడనా? ఎవరు తింటరు బిడ్డా? బువ్వంతా పారవోసుకుంటవ్.”

“పారవోస్తే నా బువ్వ నేను పారవోసుకుంట. ఇస్తవా ఇయ్యవా?”

ముసలామె చేతికర్రను నేలకేసి గీసింది. “నేను తిట్టిన మాట నిజమే దేవమ్మా. ఆ పొద్దు నోరు జారిన. రోజు యాదికొస్తది.”

“తిట్టినవ్. నీ గొర్లు మా మక్క మేసినయి, ఆయన కొట్టిండు, నువ్వు తిట్టినవ్. మళ్ళ మేస్తే ఈసారి నేను తిడ్త. సూద్దాం ఎవరి కాలు కూలుతదో.”

బీరమ్మ పళ్ళు లేని నోటితో ఒక నవ్వు నవ్వి, ఏడ్చింది.

ఆ మాట చంద్రకాంత్‌కు తెలిసి ఇంటికొచ్చాడు. అన్న దినాలకు ఆ మంద కూర పెడితే తను విస్తరి ముందు కూర్చోనన్నాడు. “కూసోకు,” అంది దేవమ్మ. “పప్పు గూడ వండిపిస్తున్న. నీకేది మనసొప్పితే అది తిను. కూర మాత్రం అదే.”

పదకొండో రోజు ఇంటి ముందు టెంటు వేశారు. మధ్యాహ్నానికి బగోనెల్లో కూర ఉడికింది, మసాలా వాసన వాడంతా పోయింది. జనం వచ్చారు. అంజయ్య మీది గౌరవం ఇంట్లో కూర్చోనివ్వలేదు. వచ్చి, అక్కడక్కడ నిలబడి, చేతులు కట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదటి పంక్తికి విస్తరాకులు పరిచారు. ఎవరూ కూర్చోలేదు. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో బగోనె వైపు చూసి “పప్పేడుంది?” అని మెల్లగా అడిగారు.

మగడు పోయిన మనిషి పదిమందిలోకి వచ్చి మొదటి పంక్తిలో కూర్చోవడం ఆ ఊళ్ళో లేదు. అందరూ తిని పోయాక, లోపల, ఒక మూల తినాలి. దేవమ్మ లోపలినుంచి వచ్చి, సరిగ్గా నడిమి విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“పెట్టు,” అంది వడ్డించేవాడితో. “కూర నిండ పెట్టు.”

ఆమె అన్నం కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద. ఆ పదకొండు రోజుల్లో ఆమె కడుపారా తిన్నది అదే మొదలు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోకుండా, తల దించకుండా, ఎదురుగా నిలబడ్డవాళ్ళ కళ్ళలోకి చూస్తూ తిన్నది. హర్షిణి వచ్చి పక్కన కూర్చుంది. అవతల దుర్గాదేవి కూర్చుంటూ, “నాకు ఎముకలు వద్దు నాయనా, మెత్తటివి వెయ్యి,” అంది. ప్యాకింగ్‌లో దేవమ్మతో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళు నీలం కోట్లు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అంజయ్యతో కలిసి దున్నిన ఇద్దరు ముసలి రైతులు ఒకరినొకరు చూసుకున్నారు.

“గీ వయసుల మనకేమొస్తది లేరా,” అన్నాడు ఒకాయన. ఇద్దరూ కూర్చున్నారు.

“గట్లని కాదు తాతా,” అంది దేవమ్మ ముద్ద మింగి. “ఏ వయసుల గూడ రాదు. గది తెలుసుకొని తిను.”

ఆయన తలూపి చేయి చాచాడు. పంక్తి నిండడానికి ఇంకాసేపు పట్టింది గానీ నిండింది. రెండో పంక్తిలో సగం మంది పప్పే అడిగారు. కొందరు పని ఉందని పోయారు. పుష్పమ్మ కూర వేయించుకుని, పులుసు ఒక్కటే తిన్నది. దేవమ్మ ఎవర్నీ లెక్కపెట్టలేదు. తన విస్తరి ఖాళీ చేసి లేచి, తనే వడ్డించడం మొదలుపెట్టింది. టెంటు అంచున నిలబడిపోయిన బీరమ్మను చేయి పట్టి తెచ్చి, ఎవరి పక్కనో కాదు, సర్పంచు పక్కనే కూర్చోబెట్టింది. సర్పంచు కాస్త జరిగి చోటిచ్చాడు.

జనం తగ్గాక చంద్రకాంత్ వచ్చాడు. వంటవాళ్ళు బగోనెలు కడగడానికి పోగుచేస్తున్నారు. అతను చెప్పులు విప్పి, పరిచి మిగిలిన చివరి విస్తరి ముందు కూర్చున్నాడు. దేవమ్మ అన్నం వడ్డించింది.

“పప్పు పెట్టు వదినె,” అన్నాడు.

ఆమె పప్పు వేసింది. అతను కలుపుతూ ఆగిపోయాడు.

“ఎవ్వరు ఏం జెయ్యలేదంటవ్. మరి అన్నకే ఎందుకొచ్చింది?”

“తెల్వదు.”

“తెల్వకుంట ఎట్లుండాలె వదినె? నాకు నిద్ర వడ్తలేదు.”

“నాకు గూడ పడ్తలేదు,” అంది దేవమ్మ. “రేపు గూడ పడదు కావచ్చు. అట్లనే ఉండాలె. నిద్ర పట్టనీకె ఎవరి గొంతు మీదనో కాలు పెట్టొద్దు. తిను, బువ్వ సల్లగైతున్నది.”

అతను తిన్నాడు. కూర గిన్నె పక్కనే ఉన్నా దాని వైపు చూడలేదు, ఆమె చూడమనీ అనలేదు. నీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టి, తన కొంగు నడుముకు బిగించుకుని, బగోనెలు తోమేవాళ్ళ దగ్గరికి పోయింది.